విషయం: అక్క కిడ్నీ, తమ్ముడి జ్వరం

హిందూపురం

ప్రియమైన కమలాక్షక్కకు,

విషయం: తమరి ఎడమ కిడ్నీ డిప్యుటేషన్‌పై నా శరీరంలో చేరిన అనంతరం దాని పనితీరు.

ఫోను చేయక ఉత్తరమెందుకని అడుగుతావు. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకరు పెట్టేది మీ అత్త హనుమక్కగారు. "పెండ్లి చేసి పంపిన ఆడపిల్ల పుట్టింటికి ఇంగా ఏమియ్యాల? లోపల ఉండేటివి కూడా ఇయ్యాల్నా?" అని ఆపరేషన్‌కు ముందు ఆమె లేవనెత్తిన అభ్యంతరం నేటికీ పరిష్కారం కాలేదు.

కిడ్నీ సెలవు అడగదు, ఫైలు ఆపదు. పెనుకొండలోని మా కార్యాలయంలో ఇటువంటి ఉద్యోగి మరొకరు లేరు. వైరస్‌లు సోకకుండా ఇచ్చిన మాత్రలను బెంగళూరు డాక్టరు ఈమధ్యే ఆపివేశారు. సాయంత్రాలు కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు ఉన్న మాట వాస్తవమే. ఇవి బస్సు ప్రయాణం వలన కలిగినవని నిర్ధారించడమైనది. నిర్ధారించినది నేనే.

ఇట్లు,
నీ పుణ్యాన నడుస్తున్న తమ్ముడు,
రాఘవేంద్ర

ధర్మవరం

ప్రియమైన రాఘవకు,

నీ సర్కారు భాషకు నవ్వుతా చదివి, జ్వరం కాడికి వచ్చేసరికి నిలబడిపోతిని. మగ్గం ఆపి ఇది రాస్తాండా.

డాక్టరు మనిద్దరినీ కూర్చోబెట్టి ఏమి చెప్పినాడు? కొత్త కిడ్నీని ఒళ్లు తరిమేయకుండా మందులిచ్చి, ఒంటికుండే కాపలాను తగ్గిస్తారంట. అందుకే జ్వరమొస్తే ఆ పొద్దే ఫోన్ చేయమన్నాడు. నువ్వు చదవకుండా సంతకం పెట్టేటోని మాదిరి తలూపినావు. చేసినావా? అన్నం పోతాందా? నిజం రాయి.

ప్రేమతో,
అక్క

హిందూపురం

ప్రియమైన అక్కకు,

నీ లేఖ అందినది. డాక్టరుగారి తనిఖీ వచ్చే నెలకు ఖరారై ఉన్నది. మధ్యలో జ్వరాన్ని విడిగా సమర్పించడం పద్ధతి కాదు గనుక, దానిని తనిఖీ వరకు పెండింగులో ఉంచితిని.

అదనపు సమాచారం: అన్నం సహించడం లేదు. తిన్నది విరేచనంగా పోతున్నది. కార్యాలయం మెట్లెక్కి, కుర్చీ దొరికేదాకా గోడ పట్టుకుంటున్నాను. "పళ్లెం ముందర పెట్టుకోని ఎవురితో కొట్లాడతాండావు?" అని నా భార్య పవిత్ర నిన్న అడిగింది. బస్సు ప్రయాణంతోనని బదులిచ్చితిని.

నీకు మాత్రం నిజం రాస్తాను. ఫోను చేస్తే, నీ కిడ్నీ చెడిపోయిందని చెబుతారేమో. నీవు కడుపు కోయించుకొని ఇచ్చినదాన్ని ఏడాది కూడా నిలుపుకోలేకపోయానని ఏ భాషలో రాయాలో నాకు తెలియదు. హనుమక్కగారి ముందు నీవు తలవంచుకోవడం నేను చూడలేను.

ఇట్లు,
రాఘవ

ధర్మవరం

ప్రియమైన మూర్ఖునికి,

దీన్ని పోస్టులో వేయలేదు, పట్టుదారం కోసం హిందూపురం వస్తాండే మా వీధి యల్లప్ప చేతికిచ్చినా. డిప్యుటేషన్ అన్నావు కదా. మాతృశాఖ ఆర్డరు వేస్తాంది: ఇప్పుడే డాక్టరుకు ఫోన్ చెయ్యి. రేపు పొద్దున ధర్మవరంలో నేను రైలెక్కుతా, హిందూపురంలో నువ్వూ పవిత్రా ఎక్కండి. ఎక్కకపోతే నేనే దిగి మీ ఇంటికొస్తా, వీధి వీధంతా వినేటట్టు అరుస్తా.

కోపంతో,
అక్క

బెంగళూరు, ఆసుపత్రి

ప్రియమైన అక్కకు,

నన్ను ఇక్కడ చేర్పించి నీవు ఊరికి వెళ్లిన మరునాడే పరీక్షల ఫలితాలు వచ్చినవి. ముందుగా ముఖ్యాంశం: కిడ్నీ క్షేమం. ఒళ్లు దానిని తిరస్కరించలేదు.

దోషి పేరు సైటోమెగలోవైరస్. ఆరోగ్యవంతుల్లో చప్పుడు లేకుండా పడి ఉంటుందట, లేదా నాలుగు రోజుల జ్వరం, గొంతునొప్పి, నీరసంతో సరిపెడుతుందట. నావంటి వారిలో మాత్రం సాయంత్రపు జ్వరం, అలసట, విరేచనాలతో మొదలై, తెల్లకణాలను తగ్గిస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులను, కంటిచూపును, చివరకు కిడ్నీనీ పట్టుకుంటుంది. నా కళ్లను పరీక్షించి బాగున్నాయన్నారు. మందు మొదలుపెట్టగా వైరస్ లెక్క తగ్గుముఖం పట్టినది. జ్వరం దిగినది. ఈ ఉదయం రెండు ఇడ్లీలు తిని, మూడవది అడిగితిని.

"జ్వరాన్ని పెండింగులో పెట్టిన పేషంటును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నాను" అని డాక్టరు అన్నారు. ఆ గదిలో నవ్వనిది నేనొక్కడినే.

ఒక మాట దాచలేను. ఆ వైరస్ బహుశా నీ కిడ్నీతోనే వచ్చిందట. చాలామందికి చిన్నతనంలో ఎంగిలి ద్వారా సోకి, జీవితాంతం నిద్రపోతుందట. నీకు సోకింది, నాకు సోకలేదు. నా ఒంటికి దానితో పరిచయం లేనందువల్లే ఇంత తిప్పలు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెప్పారట. మనమిద్దరమూ తలూపామట. ఇందులో నీ తప్పు ఆవగింజంతైనా లేదని ఇందుమూలముగా ఉత్తర్వు.

ఇట్లు,
ఆకలితో,
రాఘవ

ధర్మవరం

ప్రియమైన రాఘవకు,

నీ ఉత్తరం మా అత్తకు నేనే చదివి వినిపించినా. అరుస్తుందని అనుకుంటి. ఆయమ్మ ఆ వైరస్ సంగతి ఇంగొకసారి చదివించుకునె. ఆనెక, "నువ్వు మా కోడలివి, నీ ఒంట్లోని పురుగు ఆ పిల్లోనికి పోయిందంటే, తేరుకునేదాకా చూసుకోవాల్సింది మనమే కదమ్మా. ఎప్పుడు పోతాండావు? నేనూ వస్తా" అనె.

నీకు ఎందుకు సోకలేదో నాకు తెలుసు. చిన్నప్పుడు జామకాయ దొరికితే నేను కొరికి నీకిచ్చేదాన్ని. ఎంగిలి తగిలితే నీకు జబ్బు చేస్తుందని అవ్వ చెప్పింటే, పరికిణీ అంచు అడ్డం పెట్టి కాకెంగిలి చేసి ఇచ్చేదాన్ని. ఒక్క పొద్దు కూడా గుడ్డ మరువలేదు. అంత జాగ్రత్తగా సాకినందుకు ఇదీ నా బహుమానం!

డిశ్చార్జ్ అయినాక అత్తా నేనూ హిందూపురం వస్తాండాము. జామకాయలు తెస్తాము. ఈసారి బాగా కడిగి, కత్తితోనే కోస్తా. పెద్ద ముక్క మాత్రం నాదే.

ప్రేమతో,
అక్క