మూడో మెట్టు మీద నీళ్లు

కర్లోవో,
జనవరి 14, 1994

చిరంజీవి ల్యూబెన్‌కి అక్క ఎవ్దోకియా ఆశీస్సులు.

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం కాదు. నిన్న పొద్దున నువ్వు ప్లోవ్దివ్ బస్సుకి వెళ్లిన అరగంటకే పక్కింటి నాయ్డెన్ గారు ఊరగాయ సీసాతో వచ్చి, మన మూడో మెట్టు మీద జారి పడ్డారు. మెట్టు మీద గాజుపలకలా మంచు. చీలమండ విరిగింది. ఆసుపత్రి బండిలో ఎక్కిస్తుంటే నా వైపు చూసి, "ఎవ్దోకియా, ఇది మీ మెట్టే కదా!" అన్నారు. ఆ మాట దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. కేసు పెడితే ఇల్లు పోతుందా? ఈ వయసులో నేనెక్కడికి పోను? ఫోన్ చేద్దామంటే ఈ వీధిలో ఫోన్ ఉన్నది ఆయనింట్లోనే.

భయంతో,
నీ అక్క

తా.క. సీసా పగల్లేదు.


ప్లోవ్దివ్,
జనవరి 18

ప్రియమైన అక్కకి,

భయపడకు, నీ తమ్ముడు వకీలు. ఆయన గెలవాలంటే మూడు సంగతులు రుజువు చేయాలి. మెట్టు నీదని, మంచు ఉందని నీకు ముందే తెలుసని, తెలిసీ తీయలేదని. మొదటిది ఎలాగూ తప్పదు. మిగతా రెండూ నీ నోటి నుంచి రాకూడదు. కాబట్టి ఆయన్ని చూడ్డానికి వెళ్లకు. "అయ్యో పాపం" అనకు, అన్నావంటే తప్పు ఒప్పుకున్నట్టే. సూప్ పంపకు. మెట్టు ముట్టుకోకు, అది సాక్ష్యం. ఎవరేం అడిగినా "వకీలు లేకుండా జవాబు చెప్పను" అను.

నీ
ల్యూబెన్

తా.క. సీసా కూడా సాక్ష్యమే. తినకు.


కర్లోవో,
జనవరి 29

చిరంజీవి ల్యూబెన్‌కి,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను, రోజురోజుకీ అధ్వాన్నమవుతోంది. మెట్టు మీద బట్టల తొట్టి బోర్లించాను. దాన్ని దాటలేక వంటింటి కిటికీలోంచి రాకపోకలు. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. నాయ్డెన్ గారు కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, రోజంతా మా గేటు వైపే చూస్తూ కూర్చుంటున్నారు. ఆ చూపు తప్పించుకోడానికి చీకటి పడ్డాకే బయటికి దిగుతున్నాను. పోయిన వారం పోస్టావిడతో, "ఎవ్దోకియాకి ఒంట్లో బాగా లేదా?" అని అడిగించారు. వకీలు లేకుండా జవాబు చెప్పనని చెప్పి పంపాను. ఆ తర్వాత నాలుగో రోజున కోర్టు కాగితం వచ్చింది! ఫిబ్రవరి 12న విచారణ.

నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.
నీ అక్క

తా.క. దిగులుతో సగం సీసా తినేశాను. దీనికి వేరే శిక్ష ఉంటుందా?


ప్లోవ్దివ్,
ఫిబ్రవరి 3

అక్కా,

ధైర్యంగా ఉండు. నాకో దారి దొరికింది. మెట్ల మీద చూరు ఉంది, మంచు పడే వీల్లేదు. అంటే ఎవరో నీళ్లు పోశారు. ఆకాశం నుంచి పడితే దేవుడి తప్పు, బకెట్లోంచి పడితే మనిషి తప్పు. ఆ బుద్ధిలేనివాణ్ని పట్టుకో. బోనులో నిలబెట్టి వాడి తాట తీస్తాను.

నీ
ల్యూబెన్

తా.క. ఆ రోజు మీ ఇంటి నుంచి వచ్చి వాదించిన పెద్ద కేసులో నాదే గెలుపు. నేనుండగా నీకు భయమేంటి?


కర్లోవో,
ఫిబ్రవరి 12

ల్యూబెన్,

ఇన్నాళ్లూ భయంతో నోరు మూసుకున్నాను, ఇక నా వల్ల కాదు. నీళ్లు పోసింది నేనే. పని మీద బయల్దేరేవాళ్ల ముందు అమ్మ పోసేది కదా, పని నీళ్లలా సాగాలని. నీ ముందూ చెంబుడు పోశాను. గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగి, "అక్కా, ఇది పెద్ద కేసు, చెంబు చాలదు, బకెట్ పొయ్యి!" అన్నది ఎవరు? నేను బకెట్ పోశాను. అది గడ్డకట్టడం కిటికీలోంచి చూశాను కూడా. టీ తాగి ఉప్పు చల్లుదాం లే అనుకున్నాను.

ఇవాళ పొద్దున కిటికీ దిగి వీధిలోకి వచ్చేసరికి నాయ్డెన్ గారు కోర్టుకి బయల్దేరి, చంకకర్రలతో తన గేటు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నారు. భార్య దోన్కా పోయాక ఆయన ముందు నీళ్లు పోసే దిక్కే లేదు. నా చెయ్యి ఊరుకోలేదు. మళ్లీ లోపలికెక్కి చెంబు తెచ్చి పోశాను. మంచు మీద కాదు, వీధిలో చల్లిన ఇసక మీద.

"నీ మీద వేసిన కేసు నేనే గెలవాలనా?" అన్నారు.

"అలవాటు, నాయ్డెన్ గారూ," అంటూనే ఏడుపొచ్చింది. నీళ్లు, బకెట్, టీ, అన్నీ చెప్పేశాను. క్షమించమన్నాను.

ఆయన ఒక కర్ర గేటుకి ఆనించారు. తర్వాత, "నా కాలు విరిగిందని కేసు వేశాననుకున్నావా? ముప్పై ఏళ్ల పొరుగుదానివి, పదిహేను రోజులు తొంగి చూడలేదు. నీ ఇల్లు నాకెందుకు? కోర్టులోనైనా కనబడతావని వేశాను," అన్నారు.

ఆయన ఒక చెయ్యి నా భుజం మీద వేసుకుని నడిచారు. జడ్జి గారి ముందు కేసు వెనక్కి తీసుకున్నారు. ఇప్పుడు ఆయనకి చిక్కుడు సూప్ కాస్తున్నాను. ఆదివారం నువ్వొచ్చి మెట్లకి పట్టుకునే కమ్మీ బిగించాలి.

నీ అక్క
ఎవ్దోకియా

తా.క. వకీలు అజాగ్రత్తగా ఇచ్చిన సలహా వల్ల ఇద్దరు ముసలివాళ్లకి నష్టం జరిగితే కేసు వేయొచ్చా అని నాయ్డెన్ గారు అడగమన్నారు. రుజువు కష్టం కాదట. నీ ఉత్తరాలు రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి.