బెల్ మీద డ్రిస్కోమ్

డ్రిస్కోమ్ గారూ,

జర్మనీలో ఈ కాట్‌బస్ ఊరికి నేను వచ్చిన కొత్తలో, మన బిల్డింగ్ గుమ్మం దగ్గర మీ బెల్‌కి పైనున్న నా బెల్ మీద 'వి. లలిత' అని చూసి నవ్వారు. "ఇంటిపేరు ఒక్క అక్షరమేనా? మా ఇంటిపేరుకి ఇంగ్లండ్‌లో కోటే ఉంది!"

లాక్‌డౌన్ అంతా మీవాళ్ల పాత చర్చి పెళ్లి రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో చదివాను. కోట ఎక్కడా లేదు. మీవాళ్లున్నది ఇంగ్లండ్‌లో డెవన్ అనే జిల్లాలో రెండే ఊళ్లు, డ్రిస్కోమ్‌లందరూ పాలేర్లు. సంతకం చోట వాళ్లు పెట్టింది ఒక్క ఇంటూ గుర్తు. మీకు వినిపించాలని ప్రింట్లు తీసి పెట్టుకున్నాను. వినకుండానే కోవిడ్‌తో తప్పించుకున్నారు.

ఇవాళ నా రూమ్మేట్ సుధ, "ఆయన పోయాడుగా, ఆ పేరు పీకెయ్యవే" అంది.

పీకలేదు. నా బెల్ మీద 'వి' చెరిపి, 'వేములకొండ' అని పూర్తిగా రాశాను. ఎవరొచ్చినా ముందు నన్ను చదివాకే మీ దగ్గరికి దిగాలి.

వేములకొండ లలిత