ఆల్డెన్ హౌస్ పైకప్పు

జనవరి 9
అక్కకు చూపు ఇంకో రెండు నెలలేనట. ఆ మాట చెప్పి డాక్టర్ వాచీ చూసుకున్నాడు. దాన్ని పీకి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

బయటికొచ్చాక వెర్నీటా అక్క ఏడవలేదు. డౌన్‌టౌన్‌లో పాత పెద్ద హోటల్లో ఒక వీకెండ్ ఉందాంరా అంది. చిన్నప్పుడు బస్సులోంచి ఏదో హోటల్ తలుపు సందులో బంగారు పైకప్పు కనపడిందట. సరిగ్గా చూసేలోపే బస్సు కదిలిపోయిందట. పేరు గుర్తులేదు. నువ్వే ఎంచరా, వాళ్ళ గుట్లన్నీ నీ దగ్గరే ఉంటాయిగా అంది.

నిజమే. చికాగోలో ఆ కాలపు హోటళ్ళు మూడింటి దుప్పట్లూ మా లాండ్రీకే వస్తాయి.

జనవరి 12
స్కూలు మానేశాక నాకు లైబ్రరీయే స్కూలు. హోటళ్ళ పుస్తకం తెచ్చి చూశాను. మూడింటికీ బంగారు పైకప్పులే. ఇక తేడా దుప్పట్లలోనే. కార్వెల్‌వి గోనె. హాల్‌బర్న్‌వి ఎన్నిసార్లు ఉతికినా సెంటు కంపు. ఆల్డెన్ హౌస్‌వి చేతిలోంచి వెన్నలా జారతాయి.

ఇస్త్రీ మెషిన్ దగ్గర వాండా ముసలమ్మ నవ్వింది. నువ్వు ఎంచుతున్నది హోటలా, పరుపా అంది. నీకేం తెలుసులే అన్నాను.

జనవరి 13
బుక్ చేశాను. ఫోన్లో అమ్మాయి సర్ అంది. నన్ను.

జనవరి 20
ఆల్డెన్ హౌస్ దుప్పట్ల నిండా తెల్ల పొడి. దగ్గు. దొరలు మంచం మీద రొట్టెలు చేసుకుంటున్నారేమో అంది వాండా. తిట్టుకుంటూ రెండుసార్లు జాడించాను.

జనవరి 24, శనివారం, మధ్యాహ్నం 3
టాక్సీ దిగగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. ఇదే తలుపురా, ఆ ఇత్తడి తలుపు ఇదే అంది.

లోపల పైకప్పు లేదు. పరంజా, దానికింద బూడిదరంగు కాన్వాసు. సోఫాల మీద పాత దుప్పట్లు కప్పారు. అక్క తలెత్తి కళ్ళు చిట్లించుకుని చాలాసేపు చూసింది. అంతా బూడిదగా ఉందిరా, అప్పుడే పోయాయా నా కళ్ళు అంది.



పైకప్పు గచ్చు రాలుతోందని రిపేరట. జూన్ దాకా. డెస్కు దగ్గరున్న కుర్రాడి మీద అరిచాను. కాన్వాసు గురువారమే కట్టాం సర్, బుధవారం దాకా అందరూ వచ్చి చూసి పోయారు అన్నాడు. ఊరికే వచ్చారట. రూమ్ లేకుండా. మాలాంటివాళ్ళు ఊరికే లోపలికి రావచ్చని నాకు తట్టనేలేదు.

మంగళవారం, సోఫాల మీంచి వచ్చిన దుప్పట్లలో, ఆ పైకప్పు నా చేతుల్లోకే రాలింది. మురికి అని కాలవలోకి వదిలాను.

జనవరి 25
కార్వెల్‌లో పైకప్పు బాగుంటుంది, వెళ్దాం అన్నాను. వద్దురా, అది చూస్తే చిన్నప్పుడు చూసిన దీన్ని మర్చిపోతాను అంది. దుప్పటి నిమిరింది. మెత్తగా ఉంది, నువ్వే ఉతికావా అంది.

జనవరి 26
ఆల్డెన్ హౌస్ బండి వచ్చింది. అక్క పడుకున్న దుప్పటి ఏదో పోల్చుకోలేకపోయాను. అన్నీ ఒక్కొక్కటే దులిపి, పొడి కాగితం మీద పోసి, కిటికీ దగ్గర బంగారు రవ్వ కోసం వెతికాను. అంతా తెలుపే.