మచ్చు చిలప

సిరీ,

నువ్వు పోయి నాలుగేళ్ళు. ఇవాళ తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దవాఖానకు నడిచే వెళ్ళాను. మీ తాతకు క్యాన్సర్. నీకు ఎక్కించిన మందే ఆయనకూ ఎక్కిస్తున్నారు.

“ముందు పిల్లలకే ఇచ్చి చూశామండీ. వాళ్ళ దగ్గర నేర్చుకునే ఇప్పుడు పెద్దవాళ్ళకు ఇస్తున్నాం,” అంది డాక్టరమ్మ.

“నాన్నా, నామీద మచ్చు చూస్తున్నరా?” అని ఆ మందు ఎక్కిస్తున్నప్పుడు నువ్వడిగితే కసిరాను. పోచంపల్లిలో తాత చీర నూలుకు రంగు వేసేముందు చిన్న నూలు చుట్టను, అదే చిలపను, ముంచి మచ్చు చూసేవాడు కదా. రంగు కుదిరినా ఆ చిలప చీరలోకి చేరదు.

తాతకు సంగతి చెప్పాను. తలెత్తి మందు సీసా వైపు చూశాడు.

“గీ మందు నాకన్న ముందుగాల నా మనవరాలికి ఎక్కిందా?”

సూది ఉన్న చేతిని మెల్లగా రెండో చేతితో కలిపాడు. పండగపూట నువ్వు కాళ్ళు మొక్కే తాత, నీకు దండం పెట్టాడు.