బుధవారం మూడో పీరియడ్

అయ్యా,

మా అమ్మాయికి సీటు వచ్చేసిందండీ! నిన్న పొద్దున పోస్టులో కాగితం వచ్చింది. నేను చదివాను, మా ఆవిడ చదివింది, నమ్మకం చాలక మళ్లీ నేను చదివాను. కృత్రిమ కాళ్లూ చేతులూ తయారుచేసే శిక్షణాలయంలో తీసుకున్న పన్నెండు మందిలో మా పిల్ల ఒకతె.

విషయం: పై సంతోషానికి హైస్కూలు టైంటేబుల్ అడ్డు నిలిచినందున, దానిని కదిలించవలసినదిగా కోరుట గురించి.

ఏడో తరగతి వరకు చదివి, బస్సు డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు డ్యూటీ చార్టు వేసి రిటైరైన నేను, విద్యాధికారి వారైన తమకు తెలియజేసుకొనునది ఏమనగా:

1. మా అమ్మాయి హైస్కూలు ఆఖరి సంవత్సరంలోకి వచ్చింది. ఈ యేడు టెక్నికల్ డ్రాయింగ్ చదివి పాసవ్వాలని శిక్షణాలయం వారి షరతు. ఏదో ఒక కళ చదివితే తప్ప పాస్ సర్టిఫికెట్టు ఇవ్వబోమని స్కూలు వారి షరతు. ఈ యేడు ఉన్న కళ సంగీతం ఒక్కటే. రెండు షరతులూ న్యాయమైనవే, పిల్ల రెండింటికీ సిద్ధమే. కాని ఆ రెండూ బుధ, శుక్రవారాలు మూడో పీరియడ్‌లోనే పెట్టారు. శిక్షణాలయం వారు మనిషికి ఇంకో కాలు చేసి ఇవ్వగలరు గాని, ఇంకో మనిషిని చేసి ఇవ్వలేరు గదండీ.

2. సదరు విషయమై స్కూలు ఆఫీసు కిటికీ దగ్గర నాలుగు రోజులు నిలబడితిని.

“తాతగారూ, మీ మనవరాలిని డ్రాయింగ్ వచ్చే ఏడు చదువుకోమనండి” అన్నాడు గుమాస్తా.

“మనవరాలు కాదు బాబూ, కూతురు. నా యాభై రెండో యేట పుట్టింది. మా ఇంట్లో అన్నీ ముందే ఆలస్యం. శిక్షణాలయంలో సీటు వస్తే వచ్చే ఏడు దాకా ఆగదు, నా సంగతీ చెప్పలేను.”

“టైంటేబుల్ కంప్యూటర్‌లో లాకైపోయిందండీ. పెద్దాఫీసు చెప్తే తప్ప తియ్యలేం.”

తాళం వేసినచోట తాళంచెవి కూడా ఉంటుంది. అది తమ దగ్గర ఉన్నదని ఆ అబ్బాయే ఒప్పుకున్నాడు గనుక ఈ అర్జీ.

3. ఈ కాళ్ల పిచ్చి ఎక్కడిదని తమరు అడగవచ్చును. మా పక్కింట్లో మా డిపో ఫిట్టరే ఉంటాడు. పనిలో కాలు పోయింది, పెట్టుడుకాలు వచ్చింది. అడుగు వేస్తే కిర్రుమనేది. మా పిల్ల పదేళ్లప్పుడు “కిర్రు మావయ్యా, కాలోసారి విప్పి ఇయ్యి” అని అడిగి, పాత చెప్పులోంచి తోలుముక్క కోసి మడమ దగ్గర దూర్చింది. కిర్రు పోయింది. పేరు మాత్రం ఉండిపోయింది. ఆనాటి నుంచి దానికి వేరే ధ్యాస లేదు.

4. కుదరదు అనే మాట నేను నా సర్వీసులో విన్నాను గాని రాయలేదు. ఎనభై నాలుగు బస్సులు, రెండువందల పైచిలుకు డ్రైవర్లు, అందులో ఎవరికో జ్వరం, ఎవరింట్లోనో పెళ్లి. అయినా తెల్లారి మొదటి బస్సు కదలని రోజు లేదు. అందుచేత స్కూలు నోటీసు బోర్డు ముందు నిలబడి టైంటేబుల్ అంతా కాపీ చేసుకొని, ఇంట్లో భోజనాల బల్ల మీద పరచి, మా ఆవిడ గుండీల డబ్బా తెచ్చి చార్టు వేసితిని. సంగీతానికి ఎర్ర గుండీ, డ్రాయింగుకి నల్లది. రెండు గుండీలు జరిపితే సరిపోయింది. సంగీతం పిల్లలకు మంగళ, గురువారాలు మొదటి పీరియడ్ లైబ్రరీ. సంగీతాన్ని అక్కడికి, లైబ్రరీని ఇక్కడికి మార్చిన చాలును. మా పిల్లకు పోయేది లైబ్రరీ పీరియడ్ ఒక్కటే. పుస్తకాలు ఇంటికి తెచ్చుకుంటుంది.

5. సంబంధించినవారిని అడగకుండా చార్టు మార్చడం మా డిపోలో లేదు. సంగీతం మాస్టారు “పొద్దున్నే నాకు గొంతు లేవదు తాతగారూ, అయినా వస్తాలెండి” అన్నారు. లైబ్రరీ మేడం గారు “పుస్తకాలకు ఏ రోజైనా ఒకటే. మీరు సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతా” అన్నారు. ఇద్దరి సంతకాలూ జతచేయడమైనది.

6. ఇది రాయకూడదు గాని రాస్తున్నాను. మొన్న మా అమ్మాయి “నాన్నా, నువ్విట్లా మెట్లెక్కి దిగుతుంటే నాకు చూడబుద్ధి కావట్లేదు. వదిలెయ్” అని, డ్రాయింగ్ మానుకుంటున్నట్టు సంతకం చేసిన కాగితం నా చేతిలో పెట్టి ఆఫీసులో ఇచ్చి రమ్మంది. నేను ఇవ్వలేదు. నిన్న సీటు కాగితం చూసి కూడా అది నవ్వలేదు, మడిచి అల్మారాలో పెట్టేసింది. నేను దాని సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి భోజనాల బల్ల పొట్టికాలు కింద దూర్చాను. ఇప్పుడు బల్ల కదలడం లేదు. నేనూ కదలను.

కావున సబ్జెక్టుల జాబితాకు గడువైన శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల లోపల ఆ రెండు పీరియడ్లూ మార్చుతూ ఉత్తర్వు ఇప్పించవలెను. ఇది దయ అడుక్కోవడం కాదు, చార్టులో తప్పు చూపించడం. రేపటి నుంచి తమ గది ముందు బెంచీ మీద గుండీల డబ్బాతో ఉంటాను. కుదరదనేవారు ఆ గుండీలు జరిపి ఎందుకు కుదరదో నాకు చూపించాలి. తమరు చిత్తగించవలెను, చిత్తగించే దాకా కూర్చోవడానికి నాకు ఓపిక ఉంది.

ఈ ఒక్క విషయంలో తప్ప,
తమ విధేయుడు,
డ్యూటీ చార్టు గుమాస్తా (రిటైర్డు)

తా.క. ఉత్తర్వు వచ్చిన వెంటనే కబురు అందవలసినవారు:

మా పెద్దక్క. “ఈ వయసులో పిల్లేంట్రా, ఎప్పుడు పెంచుతావ్, ఎప్పుడు చదివిస్తావ్” అన్న మనిషి. వినపడదు, గట్టిగా చెప్పాలి.

మా బావమరిది. టైపు నేర్పిస్తే చాలన్నాడు. బాగా వినపడుతుంది, అయినా రెండుసార్లు చెప్పాలి.

మా తోడల్లుడు. ఇతనికి వేరే చెప్పనక్కర్లేదు, బావమరిదికి చెబితే సాయంత్రానికి చేరుతుంది.

కిర్రు మావయ్య. రక్తసంబంధం లేదు, అయినా రాసుకోండి.

చివరగా మా అమ్మాయి. ఆ సంతకం కాగితం స్కూల్లో ఇచ్చేశాననే అనుకుంటోంది. దానికి మాత్రం తమ ఆఫీసు నుంచే చెప్పించండి, నేను చెబితే ముందు తిడుతుంది.