మేం ఇల్లు మారలేదు

మే 6

ఫ్యాక్టరీలో భోజనం బెల్లు కొట్టాక ఫోన్ వచ్చింది. ఎవరిదో కొత్త గొంతు. తల్లీబిడ్డల స్టడీ ఆఫీసు నుంచి అన్నాడు. మేడం, మీరు ఇల్లు మారారు కదా, ఒకవేళ తిరిగొచ్చారేమో కనుక్కుందామని చేశాను, పాపకి వచ్చే నెల అయిదేళ్ళు నిండుతాయి, అయిదేళ్ళ కొలతలు తియ్యాలి అన్నాడు.

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మేం ఇల్లు మారలేదయ్యా అన్నాను. కంప్యూటర్లో మారినట్టే ఉంది మేడం అన్నాడు. పాప లేదు అన్నాను. ఎక్కడుంది, అమ్మమ్మగారింట్లోనా అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అతనికేం తెలుసు పాపం. కంప్యూటర్‌కి తెలియాలి కదా.

మే 6, సాయంత్రం ఆరు

ఈ పుస్తకం స్టడీ వాళ్ళిచ్చిందే. బిడ్డకి జ్వరమొచ్చినా దగ్గొచ్చినా తేదీ వేసి రాయమన్నారు. ముప్పై పేజీలు నిండాయి. మిగతావి తెల్లగా ఉన్నాయి. నేను చదివింది ఏడో తరగతి. తప్పులుంటాయి. ఎవరూ చూడరు.

మొదటి నుంచీ రాస్తాను. నాకు మూడో నెలప్పుడు ఆసుపత్రిలో అడిగారు. ఈ వీధుల్లో కడుపుతో ఉన్న వాళ్ళందరినీ రాసుకుంటున్నాం, కడుపులో ఉన్నప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా బిడ్డని చూస్తాం, ఏ పిల్లలు ఎందుకు జబ్బు పడుతున్నారో అలా చూస్తేనే తేలుతుంది అన్నారు. పదకొండు వందల మందిమి. సంతకం పెట్టాను. ఇంకా పుట్టని దానికి అప్పుడే హాజరు పట్టీయా అని మా అత్త నవ్వింది. మొదటి స్కానింగ్‌లో మా ఆయన తెర మీదకి వంగి చూసి, ఇదేంటే గింజంత ఉంది అన్నాడు. అప్పటి నుంచి అది మా గింజ.

ఇంటికొచ్చి కొలిచే అమ్మాయిని టేపమ్మాయి అనేదాన్ని. తల చుట్టుకొలత, జబ్బ చుట్టుకొలత, పొడవు, బరువు. పద్నాలుగు సార్లు వచ్చింది. గింజ ఆ టేపు లాక్కుని టేపమ్మాయి మోకాలే కొలిచేది. మూడు, మూడు అని అరిచేది. దానికి మూడు దాకానే వచ్చు.

పోయిన ఆగస్టు పంతొమ్మిదిన గింజ పోయింది. నాలుగేళ్ళ రెండు నెలలు. ఊపిరితిత్తులకి నిమ్ము చేసింది అన్నారు.

తర్వాత టేపమ్మాయి ఒక్కసారి వచ్చింది. నా పక్కన కూర్చుని ఏడ్చింది. మళ్ళీ రాలేదు.

మే 8

సెలవు పెట్టి స్టడీ ఆఫీసుకి వెళ్ళాను. గోడ నిండా నవ్వుతున్న పిల్లల ఫోటోలు. గుమస్తాకి మా నంబరు చెప్పాను. కంప్యూటర్ నా వైపు తిప్పాడు. మా వరసలో చివర కోడ్ 4 అని ఉంది. నాలుగంటే ఏంటి అన్నాను. కుటుంబం ఇల్లు మారింది, ఇక చూడక్కర్లేదు అని అర్థం అన్నాడు. చనిపోతే ఏ కోడ్ అన్నాను. నా మొహం చూశాడు. ఆరు అన్నాడు మెల్లగా.

తేదీ ఆగస్టు 31. గింజ పోయిన పన్నెండు రోజులకి. ఎవరు వేశారు అంటే పేరు చదివాడు. టేపమ్మాయి.

అంటే వీళ్ళ లెక్కలో నా కూతురు బతికే ఉంది. మాకు తెలియని ఏదో ఇంట్లో పెరుగుతోంది.

మే 9

నిజం రాస్తాను. ఒక్క పూట సంతోషం వేసింది. పొద్దున మిషను మీద కూర్చుని, ఆ ఇంట్లో దానికి ఈపాటికి చెప్పులు బిగుతైపోయి ఉంటాయి అనుకున్నాను. నాలుగు కాలర్లు కుట్టేసరికి ఒళ్ళు మండిపోయింది. బిడ్డ ఎటూ లేదు. బిడ్డ పోయిన సంగతి కూడా లేకుండా చేశారు.

మే 11, ఆదివారం

టేపమ్మాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చింది. కూర్చోమనలేదు. అక్కా అంటూ గుమ్మంలోనే నిలబడింది.

చనిపోతే నింపే ఫారం పదకొండు పేజీలక్కా అంది. మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది, ఎన్ని గంటలకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు, ఎందుకు ఆలస్యమైంది, అన్నీ తల్లినే అడగాలక్కా, ప్రతి ప్రశ్నా గోరుచుట్టు మీద రోకటిపోటే. ఆ రోజు నీ మొహం చూసి ఫారం సంచిలోంచి తియ్యలేకపోయాను. ఇల్లు మారారని వేస్తే నిన్నెవరూ ఏమీ అడగరనుకున్నాను అంది.

నన్ను కాపాడాననుకుంది! నా మీద జాలిపడమని నేను అడిగానా అన్నాను. రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే మళ్ళీ కొలిచేదానివే, దాన్ని ఏడిపించి మరీ కొలిచేదానివే, అసలైన చోట అబద్ధం వేస్తావా అన్నాను. వెక్కి వెక్కి ఏడ్చింది. మంచినీళ్ళిచ్చాను. కోపముంటే మాత్రం గొంతెండగట్టి పంపుతామా.

మా అత్త లోపల్నుంచి, పోయినదాన్ని మళ్ళీ కాగితాల్లోకి ఈడ్చి ఏం బావుకుంటావే, ఆ పిల్ల నీ మంచికే చేసింది అంది. మా ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మే 12

ఫారం నింపుతాను. పదకొండు పేజీలూ.

మే 14

మూడు రోజులు మా ఆయన నాతో ముభావంగా ఉన్నాడు. ఇవాళ నోరు తెరిచాడు. నువ్వు ఆ ప్రశ్నలకి జవాబులు చెబితే తప్పంతా మనదే అని రాసుకుంటారు, చదువుకున్నోళ్ళతో మనకెందుకే అన్నాడు. వీధి చివర బట్టలకి రంగులద్దే షెడ్డు పొగ వాళ్ళకి కనపడదు, నువ్వు ఆ రోజు డ్యూటీకి పోయిన సంగతే కనపడుతుంది అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు.

అదీ. ఈ ఇంట్లో అందరూ మింగుతున్న మాట అదీ.

రాస్తాను. ఆగస్టు 17 పొద్దున ఆరింటికి గింజ ఊపిరి ఎగబీలుస్తోంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. చూశాను. జలుబే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నానేమో. ఆ నెలలో సెలవులు అయిపోయాయి. ఇంకొకటి అడిగితే సూపర్‌వైజర్, ఇంట్లోనే కూర్చో తల్లీ, మళ్ళీ రాకు అనేవాడు. సిరప్ పట్టి, అత్తకి అప్పజెప్పి వెళ్ళాను. మర్నాడు మధ్యాహ్నం గోళ్ళు నీలంగా అయ్యాక ఆసుపత్రికి ఎత్తుకెళ్ళాం. ఆ మర్నాడు లేదు.

నాది తప్పయితే నా పేరు మీద పడనీ. షెడ్డు పొగా పడనీ. గోడల చెమ్మా పడనీ, సెలవు లేని ఉద్యోగమూ పడనీ. కోడ్ నాలుగులో వీటిలో ఏ ఒక్కటీ లేదు. అందులో అందరం మంచివాళ్ళమే.

మే 19

ఫారం కోసం స్టడీ ఆఫీసుకి వెళ్తే, అక్కడి పెద్ద డాక్టరమ్మ రెండు గంటలు కూర్చోబెట్టి పిలిచింది. మెత్తటి మనిషి. మెత్తగానే తోసేసింది. అయిదేళ్ళ లెక్కలు కట్టేస్తున్నామమ్మా, పదకొండు వందల మందిలో ఒక్క పాప వల్ల ఫలితం మారదు, మీరెందుకు ఆ బాధంతా మళ్ళీ పడటం అంది.

ఫలితం మీది, పిల్ల నాది అన్నాను. మేడం, నేను కాలర్లు కుడతాను, మా లైనులో చొక్కా పాడైతే పక్కన పడేసే ముందు చీటీ రాస్తాం, సూది విరిగిందా, గుడ్డలోనే చిల్లుందా, కుట్టినదాని చెయ్యి జారిందా అని. నా పేరు పడేదైనా రాస్తాం. రాయకపోతే సాయంత్రానికి ఇంకో పది పాడవుతాయి. పాడైన చొక్కాని పక్క ఫ్యాక్టరీకి పంపేశాం అని రాసినోణ్ణి మా సూపర్‌వైజర్ గేటు బయటికి గెంటుతాడు, అలాగని వాడు పెద్ద మంచోడేం కాదు అన్నాను.

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. కళ్ళజోడు తీసింది.

ఇంకో మాట అడిగాను. ఈ వీధుల్లో ఇంకెంతమంది ఇల్లు మారారు మేడం? ఎవరి ఇంటికైనా వెళ్ళి చూశారా?

ఆవిడ కంప్యూటర్లో కోడ్ నాలుగు వరసలు తెరిచింది. వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. తర్వాత, సరే, ఫారం తెరుస్తాం, వేరే మనిషిని పంపుతాను అంది. వద్దు, ఆ అమ్మాయే అడగాలి అన్నాను. తనే దాటేసింది, తనే కూర్చుని వినాలి. ఆమె ఉద్యోగం తీస్తే నేను నోరు విప్పను అని కూడా చెప్పాను. ఇదేంటమ్మా బేరమా అంది. అవును మేడం అన్నాను.

మే 25, ఆదివారం

పొద్దున పదింటికి మొదలైంది. పన్నెండున్నర దాటింది.

టేపమ్మాయి ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి పేజీ నేనే తిప్పాను. వంట దేని మీద, గదిలో ఎంతమంది పడుకుంటారు, కిటికీలెన్ని. ఒకటి, అదీ షెడ్డు వైపు, మూసే ఉంచుతాం అన్నాను. అయిదో పేజీలో వచ్చింది. లక్షణం కనిపించాక ఎన్ని గంటలకి తీసుకెళ్ళారు.

ముప్పై అన్నాను.

పెన్ను ఆగింది. రాయి అన్నాను. రాసింది. ఎందుకు ఆలస్యమైంది అన్నదానికి గళ్ళున్నాయి. తీవ్రత తెలియలేదు, బండి దొరకలేదు, ఇతరం. ఇతరం ముందు రెండే గీతలు. చాలవు, వెనక కూడా రాయి అన్నాను. సెలవు సంగతి చెప్పాను. డొక్కలు చూసి కూడా వెళ్ళిన సంగతి చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను. ఆశ్చర్యంగా ఉంది.

అప్పుడు గుమ్మంలోంచి మా ఆయన, నాది కూడా వేసుకో అమ్మా అన్నాడు. ఆ పూట నేను ఇంట్లోనే ఉన్నాను, రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నాను, దాని దగ్గు వినపడింది, వాళ్ళమ్మ వచ్చాక చూస్తుందిలే అని దుప్పటి ముసుగేసుకున్నాను అన్నాడు. గోడకేసి చూస్తూ చెప్పాడు. ఈ తొమ్మిది నెలల్లో నాతో అనలేదు. నేను తలెత్తి చూస్తే కూడా ఆపలేదు, దుప్పటి అని రాశావా అమ్మా అని అడిగాడు.

నాకు అతని మీద కోపం రావాలి. వచ్చింది. కానీ అతను పక్కన వచ్చి కూర్చుంటే జరిగి చోటిచ్చాను.

మా అత్త వంటింట్లోంచి, ఇంకెంతసేపే ఈ కోర్టు, అన్నం చల్లారిపోతోంది అంది. కాసేపాగి తనే వచ్చి, ఏయ్ పిల్లా, ఆ షెడ్డు పొగ రాశావా లేదా, ఏదీ చదువు అంది. టేపమ్మాయి చదివింది. నల్ల పొగ అని రాయి, ఉత్త పొగ కాదు అంది.

కోడ్ ఆరు. నా ఎదురుగా వేసింది.

మే 26

బాధ తగ్గిందా అంటే లేదు. ఉన్న చోటే ఉంది. కానీ ఇప్పుడు దానికి తేదీ ఉంది, గంటలున్నాయి.

జూన్ 7

టేపమ్మాయి ఫోన్ చేసింది. కోడ్ నాలుగు వేసిన ఇళ్ళన్నిటికీ డాక్టరమ్మ మనుషుల్ని పంపిందట. యాభై రెండు ఇళ్ళు. అందులో ముగ్గురు ఇల్లు మారనే లేదట, వాళ్ళ పిల్లలు పోయారట. వేరే వేరే అమ్మాయిలు కొలిచే ఇళ్ళు. ఒకరితో ఒకరు చెప్పుకోకుండా అందరూ అదే చేశారట. అందరిదీ అదే జాలి.

ఒకామె మీ వీధేనక్కా, షెడ్డు అవతలి వైపు, తలుపు తియ్యట్లేదు, ఏం చెయ్యమంటావు అంది. నేనొస్తాను, తోడు వెళ్దాం అన్నాను.

జూన్ 8, ఆదివారం

తలుపు తీసింది.

జూలై 2

తల్లుల కొలతల రోజు. స్టడీలో ఏడాదికోసారి మమ్మల్నీ కొలుస్తారు. మొదటి గడి, పిల్లలు ఎంతమంది. టేపమ్మాయి పెన్ను గాల్లో పట్టుకుని నా వైపు చూసింది. ఒకటి వెయ్యి అన్నాను.

ఒకటి వేశాకే బరువు మిషను ఎక్కాను.