ఇల్లు తుడిపించింది నేనే

అక్టోబర్ 10, సోమవారం
నిన్నటి పేజీలో ‘సౌమ్యకు బద్ధకం’ అని రాశాను. తప్పు. బద్ధకం ఉన్నవాళ్లు మంచం మీద పక్కకు తిరగడానికి పళ్లు బిగించరు.

పొద్దున సల్వార్‌లో కాలు పెట్టబోతూ ఒంటికాలి మీద నిలబడింది. ఒకటే అరుపు. ‘అమ్మమ్మా, ముందట బొక్క రెండు ముక్కలైతున్నట్టున్నది.’ ఏడో నెల. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఆ కటి ఎముకను నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో — నొప్పిని ఒక్కసారీ గీయలేదు.

అక్టోబర్ 11
తెలంగాణ సమ్మె. బస్సుల్లేవు. కరెంటు లేదు కాబట్టి లిఫ్టూ లేదు. మాది మూడో అంతస్తు. వాళ్లమ్మ, అంటే నా కూతురు, పొద్దంతా టీచర్ల సమ్మె శిబిరంలో. ఇంట్లో నేనూ, ఈ పిల్లా, గోడ పట్టుకుని నడకా.

అక్టోబర్ 12
దిల్‌సుఖ్‌నగర్ డాక్టరమ్మ దగ్గరికి. ఎదురింటి గుంటూరు రత్నంగారు కుర్చీ పట్టుకుని వెంట దిగారు. ప్రతి మెట్ల మలుపు దగ్గరా కుర్చీ వేయడం, సౌమ్య కూర్చుని ఊపిరి తీసుకోవడం.
‘మీ ఉద్యమం మా లిఫ్టును కూడా ఆపేసిందండీ టీచరుగారూ.’
‘తెలంగాణ వచ్చినంక గూడ మెట్లుంటయి రత్నంగారూ. పట్టుండ్రి కుర్చీ.’
నవ్వారు. సౌమ్య నవ్వబోయి కడుపు కింద చెయ్యి పెట్టుకుంది.

కటి ఎముకల కీళ్లు వదులయ్యాయట. కాళ్లు రెండూ కలిపే మంచం దిగాలి, కూర్చునే బట్టలు వేసుకోవాలి, మోకాళ్ల మధ్య దిండు. తర్వాత డాక్టరమ్మ అడిగింది — ‘ఇంట్లో కింద కూర్చుని చేసే పనేమన్నా ఉందా?’
‘ఏం లేదు డాక్టర్. అమ్మమ్మ ఏం ముట్టనియ్యది.’

ఐదో నెల నుంచి రోజూ గొంతుకూర్చోబెట్టి, తడిబట్టతో రెండు గదులూ తుడిపించాను. సుఖంగా కాన్పవుతుందని. నొప్పి అన్నప్పుడల్లా ‘మేం కనలేదా?’ అన్నాను. డాక్టరు కారణం తెలియకుండానే చీటీ రాసింది. కారణం ఎదురుగా కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది.

ఆటోలో అడిగాను, అబద్ధమెందుకు చెప్పినవే అని.
‘మరి ఆమెతోని నిన్ను తిట్టియ్యాల్నా?’

అక్టోబర్ 13
తడిబట్ట పారేశాను. ఆలస్యంగా వచ్చే తెలివి నాకెప్పుడూ ఉంది.

అక్టోబర్ 14
నొప్పి తగ్గలేదు. బాత్‌రూమ్‌కు నాలుగు అడుగులు — పీతలా పక్కకు నడుస్తోంది. మధ్యాహ్నం జొన్నరొట్టె తుంచుతూ, తల ఎత్తకుండా అడిగింది.
‘ఇప్పుడే కాళ్లు ఎడం చెయ్యరాదు. కాన్పప్పుడు ఎట్ల అమ్మమ్మా?’
ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబుంటుందని ఇంట్లో పేరు. నీళ్లు తెస్తానని లేచి వెళ్లాను. నీళ్లు పళ్లెం పక్కనే ఉన్నాయి.

అక్టోబర్ 15
డాక్టరుకు ఫోన్ చేశాను. చెప్పాను — తుడిపించింది నేనేనని, రెండు నెలలని.  ముప్పై ఏళ్లు నేను పిల్లలను నిలబెట్టిన గొంతుతోనే మాట్లాడింది.
‘అది మొదటే చెప్పాల్సిందమ్మా. దాని వల్లే వచ్చిందని అనను, పెరిగి ఉండొచ్చు. రేపు తీసుకురండి. నొప్పి లేకుండా మోకాళ్లు ఎంత ఎడం అవుతాయో కొలిచి, కాన్పు సంగతి అప్పుడు చెప్తాను.’
‘తక్కువైతే?’
‘కొలవనివ్వండి.’

రేపు రాస్తారోకో. దిల్‌సుఖ్‌నగర్ పోయే హైవే మీద చీమ కూడా కదలదట. సౌమ్యకు కొలత సంగతి చెప్పలేదు... చెప్పాలి. ఎట్లా మొదలుపెట్టాలో.

ముందు ఇది: పొద్దున ఆరు కాకముందే పక్క సందులో ఆటో యాదగిరిని లేపాలి. చంపాపేట, సైదాబాద్ లోపలి దారుల్లో పొమ్మనాలి, గుంతల దగ్గర మెల్లగా. సీటు మీద పరచడానికి పెద్ద ప్లాస్టిక్ కవర్ — కూర్చుని, రెండు కాళ్లూ కలిపి ఒక్కసారే లోపలికి జారేటట్టు. చీరల కవరైతే చిన్నది. పరుపుది కావాలి, రత్నంగారిని అడగాలి.